భుజం పట్టేసినప్పుడు ఏ కదలికతో మొదలుపెట్టాలి

ఫ్రోజెన్ షోల్డర్‌లో, అంటే భుజం కీలు బిగుసుకుపోయే జబ్బులో, ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. నాదీ అలాగే ఉంది. నొప్పి మాత్రలతో నెల గడిచాక కుడిచేత్తో జడ వేసుకోలేకపోయాను, రవిక వెనక హుక్కు అందలేదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే సలుపుకు మెలకువ వచ్చేది. వయసు 51, పదేళ్లుగా షుగరు. 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఇది ఎక్కువ.

ఫిజియోథెరపిస్టు చేసిన పరీక్షకు రెండు నిమిషాలు పట్టలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని పక్కటెముకలకు ఆనించి 90 డిగ్రీలు మడిచి, ముంజేతిని బయటికి తిప్పారు. ఎడమది 60 డిగ్రీల దాకా పోయింది. కుడిది 10 దగ్గర గోడకు తగిలినట్టు ఆగింది. భుజం కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు (టెండన్) తెగినవాళ్లు తామంతట తాము చేయి ఎత్తలేకపోయినా, ఇంకొకరు ఎత్తితే చాలావరకు లేస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎవరు ఎత్తినా లేవదు. కీలు బాగా అరిగినా ఇలాగే ఆగుతుంది కాబట్టి, మామూలుగా ఉన్న ఎక్స్‌రే కూడా అక్కరకొచ్చిన కాగితమే.

కీలు చుట్టూ ఉండే సంచి వాచి, దళసరెక్కి, కుంచించుకుపోవడమే ఈ జబ్బు. సంచి ముందు భాగం ముందుగా బిగుస్తుంది. అందుకే అన్నిటికన్నా ముందు పోయేది చేయి బయటికి తిరగడం. మనమేమో పైకి లేవట్లేదని దాన్నే పట్టుకుని లాగుతాం. చేయి పూర్తిగా పైకి లేవాలంటే దారిలో భుజపుటెముక బయటికి తిరగాలి. తిరగకపోతే ఎముక మీది బొడిపె పైనున్న గూడ ఎముకకు తగిలి ఆగిపోతుంది. తిప్పడం రాకుండా ఎత్తడం మీద పడితే నొప్పి పెరుగుతుంది తప్ప డిగ్రీలు పెరగవు.

నేను చేసిన తప్పు ఇదే. తలుపు పైన గిలక కట్టి, తాడుతో కుడిచేతిని పైకి లాగుతూ రోజుకు 50 సార్లు. అద్దంలో చూస్తే చేయి పైకి పోయినట్టే ఉండేది. ఫిజియో నా గూడ పలక మీద అరచెయ్యి గట్టిగా ఒత్తిపట్టి, "ఇప్పుడు లాగండి మేడం" అన్నారు. 95 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. మిగతాదంతా భుజాన్ని చెవి దగ్గరికి ఎగరేసి, నడుము పక్కకు వంచి తెచ్చుకున్న ఎత్తు. గిలక వాడేవాళ్లు అద్దం ముందే కూర్చోవాలి. భుజం ఎగిరిన చోటే ఆ రోజుకు హద్దు.

మొదటి దశలో, అంటే రాత్రి నొప్పి ఉన్నన్నాళ్లు, సాగదీయడం వద్దన్నారు. ఎడమచేత్తో బల్ల పట్టుకుని వంగి, కుడిచేతిని బావిలో చేదలా వేలాడదీసి, నడుముతో ఊపు ఇవ్వడం, నిమిషం పాటు, రోజుకు నాలుగైదు సార్లు. చేతి కండరంతో ఊపితే ప్రయోజనం లేదు. పడుకునేటప్పుడు వెల్లకిలా పడుకుని మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి. మోచెయ్యి పరుపు మీదికి జారితే కీలు ముందు భాగం లాగి సలుపుతుంది.

రాత్రి నొప్పి తగ్గాక అసలు పని. ముందు 15 నిమిషాలు వేడి కాపడం, మధ్యలో రెండు మడతల తువ్వాలు (షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు తెలియకుండానే చర్మం కాలుతుంది). తర్వాత పడుకుని, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన చిన్న తువ్వాలు పెట్టి, రెండు చేతులతో మాప్ కర్ర పట్టుకుని, ఎడమచేత్తో కుడి ముంజేతిని బయటికి నెట్టాలి. 20 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచడం, ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు. తువ్వాలు జారి పడిందంటే తిరుగుతున్నది కీలు కాదు, మోచెయ్యి పక్కకు పోతోందని అర్థం. వీపు వెనక తువ్వాలు పట్టుకుని పైకి లాగే వ్యాయామం చివరిది. హుక్కుల తొందర కొద్దీ దాన్ని ముందే మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ, దెబ్బతినేదీ అక్కడే. కొలమానం ఒక్కటే: చేసేటప్పుడు లాగినట్టుండొచ్చు, మర్నాటి పొద్దుటికి నొప్పి ఎక్కువగా ఉంటే ఆ రోజు సగమే చేయాలి.

కరెంటు ప్యాడ్లు, అల్ట్రాసౌండ్ చికిత్స మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గంటలో 40 నిమిషాలు యంత్రానికే పోయి, చేత్తో చేసేది ఐదు నిమిషాలైతే ఆ డబ్బు దండగ. నాకు కదలిక వచ్చింది ఫిజియో చేతి వల్ల. బొటనవేళ్ల మొదళ్లతో భుజపు బంతిని కొద్దికొద్దిగా వెనక్కి, కిందికి నొక్కుతూ, ప్రతి ఐదారు నొక్కుళ్లకు గోనియోమీటరుతో (కీలు కోణం కొలిచే పరికరం) కొలిచేవారు. కొలవని చోట బాగుపడుతున్నామో లేదో ఎవరికీ తెలియదు.

కీల్లో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పి దశలోనే బాగా పనిచేస్తుంది. బిగుసుకుపోయాక దానితో వచ్చేది తక్కువ. నాకు మూడో నెలలో వేశారు. నొప్పి వారంలో సగమైంది, పరగడుపు షుగరు మాత్రం 130 నుంచి 210కి పోయి నాలుగు రోజులు అక్కడే ఉంది. ముందే చెప్పి ఉండటంతో కంగారు పడలేదు. షుగరున్నవాళ్లు ఆ వారం రోజూ రెండు పూటలా పరీక్ష చేసుకోవాలి.

నా లెక్క ఇది: బయటికి తిరగడం మూడో నెలలో 10, ఆరో నెలలో 25, పన్నెండో నెలలో 50. చేయి ఎత్తడం 95 నుంచి 155. మధ్యలో ఏడు వారాలు ఒక్క డిగ్రీ కదల్లేదు, అదీ ఈ జబ్బులో మామూలే. ఇది ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది, కొందరికి కొంత బిగుతు మిగిలిపోతుంది. తగ్గిన భుజానికే మళ్లీ రావడం అరుదు గానీ రెండో భుజానికి వచ్చేవాళ్లు ఉన్నారు. అందుకే నెలకోసారి గోడకు వీపు ఆనించి నిలబడి, ఎడమ మోచేతిని నడుముకు అదిమి, ముంజెయ్యి ఎంత దూరం తిరుగుతోందో చూసుకుంటున్నాను.