ఆషాఢంలో 12 బార్లు: నా శాక్సోఫోన్ సాధన, అనంతపురం

ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు లేవు, రిసెప్షన్లు లేవు, అందుకే ఈ నెల పూర్తిగా బ్లూస్ మీదే పెట్టాను. జాజ్‌కి మూలాల్లో ఒకటైన అమెరికా సంగీతం ఇది, 12 బార్ల చుట్టు, బారు అంటే నాలుగు దెబ్బల గుంపు. పగలు అకౌంట్స్ ఉద్యోగం, సాయంత్రం ఆల్టో శాక్సోఫోన్. అనంతపురంలో జాజ్ కోసం టికెట్ కొనే జనం లేరు. రిసెప్షన్లకు, షోరూం ఓపెనింగులకు సినిమా పాటలు వాయిస్తాం, డిసెంబరులో చర్చి ప్రోగ్రాములు. అందరూ భోజనాల మీద పడ్డాక స్టేజీ వైపు చూసేవాళ్లుండరు కదా, ఆ అరగంటే మా జాజ్.

నేను నేర్చుకున్నది కర్ణాటక పద్ధతి, అదీ సగం కద్రి గోపాల్‌నాథ్ గారి క్యాసెట్లు వినే. అక్కడ షడ్జమం కదలదు, రాగం మారదు, ఎంతసేపైనా అందులోనే విహరించొచ్చు. బ్లూస్‌లో కింద కార్డులు (కీబోర్డు మీద ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మారుతూ ఉంటాయి, 12 బార్లకోసారి మళ్లీ మొదటికి వస్తుంది, మనం సోలో మత్తులో ఉండగా కీబోర్డు తమ్ముడు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాడు. అలాగని మనసులో బార్లు లెక్కపెడుతూ వాయిస్తే ఊహ ఆగిపోతుంది.

చివరికి దారి దొరికింది ఆది తాళంలోనే. బారుకు 4 దెబ్బలు, 12 బార్లకు 48, ఆది తాళం ఒక చుట్టుకు, అంటే ఆవర్తనానికి, 8 దెబ్బలు కాబట్టి సరిగ్గా 6 ఆవర్తనాలు. ఆల్టోలో స్వరాల పేర్లు కీబోర్డు పేర్లతో కలవవు, బ్యాండు బి ఫ్లాట్ శ్రుతిలో వాయిస్తే ఆల్టో మీద నాకది జీ అవుతుంది. కార్డుల పేర్లతో చెప్తే, మొదటి రెండు ఆవర్తనాలు జీ సెవెన్, మూడోది సీ సెవెన్, నాలుగోది మళ్లీ జీ, అయిదోదాంట్లో సగం డీ సెవెన్, సగం సీ సెవెన్, ఆరోదాంట్లో జీకి వచ్చి చివరి బారు డీతో తిరగడం. ఆవర్తనాలు ఒంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి విడిగా లెక్క అక్కర్లేదు.

ఇంకా బాగున్న సంగతి స్వరాల్లో ఉంది. జీని షడ్జమం అనుకోండి. జీ సెవెన్ మీద నడిచేది హరికాంభోజి రాగం. సీ సెవెన్ వచ్చినప్పుడు అంతర గాంధారాన్ని (పై గ) సాధారణ గాంధారం (కింది గ) చేస్తే చాలు, ఖరహరప్రియ అయిపోతుంది, మిగతావన్నీ అవే. డీ సెవెన్ దగ్గర గాంధారం మళ్లీ అంతరమే, నిషాదం మాత్రం కాకలి (పై ని) అవుతుంది, అది శంకరాభరణం. ఈ నెలలో ఎక్కువ రోజులు చేసింది ఇదొక్కటే: మూడో ఆవర్తనం మొదటి దెబ్బకు గాంధారం కచ్చితంగా దిగాలి. అది సరిగ్గా దిగితే కీబోర్డు లేకపోయినా కార్డు మారినట్టు వినేవాళ్లకు తెలుస్తుంది. గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, మాత్రం బాగా తగ్గించాలి, లేకపోతే బ్లూస్ కాస్తా కచేరీ అయిపోతుంది. తగ్గించడం ఇంకా సాగుతోంది.

స్వింగ్‌కి, అంటే జాజ్ నడకలోని ఊపుకి, మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని వేగం చూపే పరికరం) నిమిషానికి 60లో పెట్టి, ఆ టిక్కు 2, 4 దెబ్బల మీద పడుతోందనుకుని వాయిస్తున్నాను, అసలు వేగం 120 అన్నమాట. మొదట్లో కాలు ఒప్పుకోదు. ఆది తాళంలో చివరి రెండు ద్రుతాల (దెబ్బ, చేతి విసురు జంటల) విసుర్లు 6, 8 మీద పడతాయి కదా, 5 నుంచి 8 దాకా ఉన్న రెండో బారులో అవి సరిగ్గా 2, 4. విసురు దగ్గర బరువు పెట్టడం అలవాటైతే సగం పని అయినట్టే.

సాధన మా బావ శనక్కాయల గోడౌన్‌లో. ఇంట్లో అయితే పక్కింటివాళ్ల పిల్లల పరీక్షలు. గొట్టం మూతిలో తువ్వాలు కుక్కమని చాలామంది చెప్తారు, పని చేయదు, ఎందుకంటే శాక్సోఫోన్ శబ్దం చాలావరకు పక్కనున్న రంధ్రాల్లోంచే వస్తుంది. మైకు విషయం కూడా అంతే. సౌండ్ వాళ్లు తెచ్చి మూతిలో పెడతారు, కింది స్వరాలు బొంగురుగా అరుస్తాయి. అడుగు దూరంలో, కీల వైపు తిప్పి పెట్టించండి, గొడవపడైనా సరే. గోడౌన్ ఇప్పుడు ఖాళీ కాబట్టి గోల గోలగా మోగుతోంది, పంట వచ్చి బస్తాలు పడ్డాక బాగుంటుంది.

రీడ్లు (మౌత్‌పీస్‌లో కంపించి శబ్దం చేసే పలుచటి బద్దలు): మన ఊరి పొడి గాలికి తడి రీడు రెండు పాటల మధ్యలోనే ఆరిపోయి అంచు అలలు తిరుగుతుంది. వాయించే ముందు నీళ్లలో కాసేపు నానబెట్టడం, ఖాళీ ఉన్నప్పుడు మౌత్‌పీస్‌కి టోపీ, నాలుగు రీడ్లు రోజుకొకటి మార్చడం. షామియానా కింద అయితే ప్లాస్టిక్ రీడు; టోన్ కొంచెం పలచన, కానీ నమ్మకం. వేడికి శ్రుతి పైకి పోతుంది, కీబోర్డు కదలదు, కాబట్టి మౌత్‌పీస్ కొద్దిగా బయటికి లాగాలి. ఏసీ హాల్లో దీనికి రివర్స్, ముందుగా ఊది వాయిద్యాన్ని వెచ్చబెట్టుకోవాలి.

ఆదివారాలు చర్చి అయ్యాక డ్రమ్మర్ వస్తాడు, జామ్, అంటే కలిసి అప్పటికప్పుడు వాయించడం. ఫోర్స్ వాయిస్తున్నాం, నాలుగు బార్లు నాకు, నాలుగు అతనికి. కచేరీలో మృదంగం వంతు వచ్చే తని ఆవర్తనం విన్నవాళ్లకు కొత్తేం కాదు, కాకపోతే అతను వాయిస్తున్నప్పుడు కూడా తాళం నా లోపల నడవాలి. ఒకసారి పాత బ్యాండు మాస్టారు వచ్చి కూర్చుని అంతా విన్నాడు. "ఏమప్పా, తిరుగుతానే ఉందే, ముక్తాయింపు ఎప్పుడు?" అన్నాడు. "మీరు క్లారినెట్ తెస్తే అప్పుడు సార్" అన్నాను. తెస్తానన్నాడు.

వీలైనప్పుడు బెంగళూరు జామ్‌కి కూడా పోతున్నాను, 200 కిలోమీటర్ల పైమాటే, తిరుగు బస్సు తెల్లవారుజామున దించుతుంది, ఉగ్గాణి బజ్జీ తిని నేరుగా ఆఫీసు. అక్కడ కొత్తవాళ్లకు నా సలహా: శ్రుతి చెప్పేటప్పుడు మీ ఆల్టో పేరు కాదు, కీబోర్డు పేరు చెప్పండి. రెండు కోరస్‌లు, అంటే ట్యూన్ మీద రెండు చుట్లు, సోలో వాయించి దిగిపోండి, మళ్లీ పిలుస్తారు. ఎవరైనా తల తట్టుకుంటే పల్లవికి (మొదట వాయించిన ట్యూన్‌కి) వెళ్లాలని, నాలుగు వేళ్లు చూపిస్తే ఫోర్స్ అని.

శ్రావణంలో మొదటి ప్రోగ్రాం హిందూపురంలో, మనిషికి రెండు వేలు, భోజనం, బండి పెట్రోలు వాళ్లదే. ఈలోగా 32 బార్ల ట్యూన్ ఒకటి మొదలుపెట్టాలి, 16 ఆవర్తనాలు, మధ్యలో 4 ఆవర్తనాల పాటు కార్డులు ఊరు దాటి పోతాయి. కీబోర్డు తమ్ముడు చార్టు రాసిస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు.