రొట్టెల ఇంట్లో మాంసం గొడవ

ఇజ్రాయెల్ యాత్రలో గలిలయలో తిరిగిన మూడు రోజుల గురించి రాయను. సరస్సు, పడవ, ఫొటోలు, అందరూ రాసేవే. అక్కడి కపెర్నహూము ఊరి పేరంటే ‘నహూము పల్లె’ అని బోర్డు ముందు నిలబడ్డాక తెలిసింది, అంతే.

రాయాల్సింది యెరూషలేము నుంచి, యేసు పుట్టిన బేత్లెహేముకు వెళ్లిన బస్సు గురించి. దారి పది కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయాం. కడుపులో ఎలుకలు. అన్ని లక్షలు గుంజిన టూరు వాళ్లు పొద్దున పెట్టింది కీరా ముక్కలు, పెరుగు, ఒక ఉడికించిన గుడ్డు.

ఆ ఖాళీలో పాస్టరు గారు మైకు అందుకున్నారు. “హీబ్రూలో బేత్ అంటే ఇల్లు, లెహెమ్ అంటే రొట్టె. రొట్టెల ఇల్లు!” ప్రతి క్రిస్మస్‌కీ వినేదే. చిన్నప్పుడు అది బేకరీ అనుకునేవాణ్ణి. మా ఊళ్లో ‘బేతేలు మందిరం’ ఉంది. బేతేలు అన్నా దేవుని మందిరమే కాబట్టి, ఏళ్ల తరబడి ‘దేవుని మందిరం మందిరం’ అంటున్నాం.

డ్రైవరు బేత్లెహేము పెద్దాయనే. అద్దంలోంచి మమ్మల్ని చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో, “మేం అరబ్బీలో బైత్ లహమ్ అంటాం. లహమ్ అంటే మాంసం” అన్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది. పాస్టరు గారు మాత్రం చిన్నబుచ్చుకుని మైకు కట్టేశారు.

నాకు నవ్వు రాలేదు. ఇద్దరిదీ నిజమే. హీబ్రూ, అరబ్బీ ఒకే కుదురులోవి. ఒకే ధాతువు హీబ్రూలో రొట్టె అయింది, అరబ్బీలో మాంసం అయింది. మనవాళ్లు బైబిల్లో ‘ముఖపు చెమట కార్చి ఆహారము తిందువు’ అని తెలుగు చేసిన చోట హీబ్రూలో ఉన్నదీ లెహెమే. మన ‘అన్నం’ లాగే అన్నమాట. సంస్కృతంలో తినేదేదైనా అన్నమే, మనకు మాత్రం వరి మెతుకులు. ఆ లెక్కన అది అన్నపు ఇల్లు. ఆ ఇంట్లోనే కరవొస్తే రూతు అత్త నయోమి కుటుంబం మోయాబు దేశానికి వలసపోయింది. బైబిల్లో రూతు గ్రంథం మొదలయ్యేదే అక్కడ. ఈ సంగతి పాస్టరు గారికి చెబుదామనుకున్నాను గానీ, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

ఊళ్లోకి వెళ్లగానే గుడికి కాదు, ఒలీవ చెక్క బొమ్మల కొట్టుకు తీసుకెళ్లారు. నలభై నిమిషాలు! బొటనవేలంత ఒంటెకు డాలర్లలో ధర చెబితే బయటికొచ్చేశాను. వీధి మలుపులో తోపుడుబండి మీద నువ్వులద్దిన పొడుగాటి రొట్టె చుట్టలు ఉన్నాయి. కఅక్ అంటారట. పది షెకెళ్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె గుభేలుమంది, అయినా కొన్నాను. కాగితం ముక్కలో జాతర్ అనే మసాలా పొడి పొట్లం కట్టిచ్చాడు. రొట్టె ఇంకా వెచ్చగా ఉంది, విరిస్తే నువ్వులు చొక్కా మీద రాలాయి.

డ్రైవరు పెద్దాయనకూ ఓ ముక్క ఇచ్చాను. “మాంసం ఏదీ?” అన్నాడు, నవ్వుతూనే పొడి అద్దుకుంటూ.

అప్పుడే అమ్మ ఫోను. ఇంటి దగ్గర మధ్యాహ్నం అయినట్టుంది.

“అన్నం తిన్నావా నాన్నా?”

“తింటున్నానమ్మా” అన్నాను, నోట్లో రొట్టెతో.