కాలు బెణికిందా, ఎముక విరిగిందా?

మెట్టు తప్పి పాదం లోపలికి మడతపడితే ముందుగా దెబ్బతినేది చీలమండ బయటి గుబ్బకు కాస్త ముందున్న లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ. వాపును బట్టి ఎముక సంగతి తేలదు. గుబ్బ వెనక అంచున, కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర ఎముక మీదే వేలితో నొక్కండి. లోపలి గుబ్బకూ అంతే. అక్కడ నొప్పి పుట్టినా, కుంటుతూనైనా 4 అడుగులు పడకపోయినా ఎక్స్‌రే తీయించాలి. చిటికెన వేలి వైపు పాదం మధ్యలో పొడుచుకొచ్చే ఎముకనూ నొక్కి చూడండి, చాలామంది మరిచేది దాన్నే.

నూనె రాసి పిసికించడం, లాగించడం మొదటి 2, 3 రోజులు వద్దే వద్దు. లోపల రక్తస్రావం పెరుగుతుంది. ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి, వేళ్లు తిమ్మిరెక్కితే వదులు చేయాలి. నొప్పి తగ్గాక ఒంటికాలి మీద నిలబడటం సాధన చేయకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ.