బొమ్మని ఆగి చూసే మనుషులు

పొద్దున్న ఆఫీసుకి బయల్దేరే ముందు కాసేపు, రాత్రి వంటిల్లు సర్దాక ఇంకాసేపు, బొమ్మలకి నాకు దొరికే టైము అంతే. ఆర్ట్ కాలేజీలో చదవలేదు, బొమ్మలు అమ్మను, అమ్మాలని కూడా లేదు, రోజంతా అకౌంట్స్ చూసుకునే ఉద్యోగం. కానీ మాదొక వాట్సాప్ గ్రూప్ ఉంది, విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు నుంచి ఇష్టం కొద్దీ బొమ్మలేసే వాళ్ళం అందులో ఉంటాం, దాని గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. బయటి వాళ్ళకి ఇదేదో టైమ్‌పాస్ గ్రూపులా కనపడొచ్చు గానీ, నా గీత కాస్త బాగుపడిందంటే ఆ మనుషులు నా బొమ్మ దగ్గర ఆగి చూడటం వల్లే.

ఇన్‌స్టాలో పెడితే హార్ట్‌లు వస్తాయి, వస్తే సంతోషమే, కాదనను. కాకపోతే వేలితో పైకి తోసుకుంటూ పోయేవాళ్ళకి నా బొమ్మ ఎంతసేపు కనపడుద్ది చెప్పండి, మహా అయితే ఒక సెకను. అందుకే మా గ్రూపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం, సూపర్, కేక, అదిరింది అని వదిలేయకూడదు, బొమ్మలో నీ కన్ను ఎక్కడ ఆగిందో ఒక్క మాటయినా చెప్పాలి, బాగుంటే ఏది బాగుందో, తేడాగా ఉంటే ఎక్కడ తేడాగా ఉందో. మొదట్లో కొంతమంది మొహమాటపడేవాళ్ళు, ఎదుటివాళ్ళు బాధపడతారేమోనని. ఇప్పుడైతే ఎవరూ ఏమీ అనకపోతేనే "ఏంటండీ, ఎవరూ చూళ్ళేదా" అని అడుగుతున్నారు.

మొన్నామధ్య తెనాలి తమ్ముడొకడు ప్రకాశం బ్యారేజీ వేసి పెట్టాడు. డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్లోనే ఐబిస్ పెయింట్ అనే యాప్‌లో వేస్తాడు, గీత చాలా ధైర్యంగా ఉంటది. అసలు బ్యారేజీ వెయ్యని మనిషి మా గ్రూపులో లేడనుకోండి. 1957లో పూర్తయిన కట్టడం, 1,223 మీటర్ల పైన పొడవు, 70 గేట్లు, ఒడ్డున నిలబడితే ఆ గేట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి చిన్నవైపోతూ అవతలి ఒడ్డుదాకా పోతాయి, పర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ చిన్నవిగా కనపడేట్టు వెయ్యడం, నేర్చుకోడానికి మన ఊళ్ళో ఇంతకన్నా మంచి చోటు లేదు. తమ్ముడు పిల్లర్ల ఎత్తు తగ్గించుకుంటూ పోయాడు గానీ వాటి మధ్య ఎడం మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకేలా ఉంచాడు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే రిటైర్డ్ టీచర్ ఒకావిడ, మేమంతా మేడం గారు అంటాం, ఆవిడ మాటలతో ఏమీ చెప్పలేదు, ఆ బొమ్మనే స్క్రీన్‌షాట్ తీసి దానిమీద రెండు ఎర్ర గీతలు గీసి పంపించారు, పైన రోడ్డు గీత కిందకి దిగుతూ, కింద నీటి గీత పైకి ఎక్కుతూ, రెండూ మన కంటి ఎత్తులో ఒక చుక్క దగ్గర కలిసేట్టు. ఆ తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టారు, "బాబూ, దూరం వెళ్ళేకొద్దీ ఎత్తు తగ్గిన దానికన్నా ఎడం ఇంకా తొందరగా తగ్గుద్ది, ఆ చివర గేట్లు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టే కనపడతాయి, వీలైతే ఓసారి వెళ్ళి చూసిరా" అని. వాడు నిజంగానే ఆదివారం రైలెక్కి వచ్చి సీతానగరం వైపు ఒడ్డున కూర్చుని మళ్ళీ వేశాడు. రెండో బొమ్మలో నది వెడల్పు తెలిసింది! రోజూ బండి మీద ఆ బ్యారేజీ దాటే నేను కూడా ఆ ఎర్ర గీతలు చూశాక గేట్లని వేరేగా చూడటం మొదలుపెట్టా. పాఠం చెప్పించుకుంది వాడే అయినా అందరం నేర్చుకున్నాం.

ఇక రంగులు. బెజవాడ ఎండల్లో వాటర్ కలర్ వెయ్యడం ఎంత కష్టమో వేసేవాళ్ళకే తెలుసు, ఏప్రిల్, మే నెలల్లో ఆకాశానికి వాష్, అంటే నీళ్ళెక్కువ కలిపిన పల్చటి రంగు, వేస్తుంటే ఇటు చివరికొచ్చేసరికి అటు చివర ఆరిపోద్ది, సగం ఆరిన చోట మళ్ళీ తడి తగిలిందంటే అంచు కట్టి మచ్చ నిలబడిపోద్ది, యూట్యూబ్‌లో చలి దేశాల వాళ్ళు చెప్పే పద్ధతులు మనకి అలాగే పనికిరావు. దీనికి ఉపాయం మంగళగిరి అక్క చెప్పింది. కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి ప్లాస్టిక్ బోర్డు మీద బుడగల్లేకుండా పరిచి వెయ్యాలి, కింద తడి ఉన్నంతసేపు పైన తొందరగా ఆరదు, ఫ్యాన్ మాత్రం ఆపెయ్యాలి, చెమటకి ఓర్చుకోవాలి మరి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందం) కాటన్ కాగితమైతే నీళ్ళు బాగా పట్టి ఉంచుద్ది, ఖరీదెక్కువ కాబట్టి నేను దాన్ని మంచి బొమ్మలకే తీస్తా, ప్రాక్టీసుకి మామూలు కాగితమే. వానాకాలంలో కథ మొత్తం తిరగబడుద్ది, ఎంతసేపటికీ ఆరదు, రంగుల డబ్బా తడిగా మూసేస్తే బూజు పట్టుద్ది, మూత తీసి ఆరనివ్వండి.

రంగులు కొనేటప్పుడు ట్యూబు మీద పేరుతో పాటు చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్, అంటే ఆ రంగు ఏ పదార్థంతో చేశారో చెప్పే గుర్తు, చూడటం కూడా ఇక్కడే అలవాటైంది. పీబీ 29 అని ఉంటే అల్ట్రామెరైన్ నీలం. ఈ నీలంలో బర్ంట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే గ్రే ఉంది చూశారూ, రెడీమేడ్ గ్రే ట్యూబు ఏదీ దాని ముందు నిలవదు, నీలం ఎక్కువైతే మబ్బు, గోధుమ ఎక్కువైతే రాయి, ఉండవల్లి గుహల స్తంభాల నీడలన్నీ నేను ఆ రెండు రంగులతోనే వేస్తా. కృష్ణకి మాత్రం ఒక రంగు అని చెప్పలేం. ఆగస్టులో పైనుంచి వరద వచ్చినప్పుడు ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపులో సియెన్నా కలిపిన బురద రంగు, చలికాలం పొద్దున మంచులో అసలు రంగే ఉండదు, కాగితం తెలుపు వదిలేసి అవతలి ఒడ్డు ఒక పల్చటి గీతగా పెడితే చాలు.

నెలకో టాపిక్ పెట్టుకుంటాం. అక్టోబరు వస్తే ప్రపంచమంతా ఇంక్‌టోబర్ అని రోజుకో ఇంకు బొమ్మ వేస్తారు కదా, 2009లో జేక్ పార్కర్ అనే ఆర్టిస్టు మొదలుపెట్టింది, మేము దసరా రోజుల్లో వాళ్ళిచ్చే రోజువారీ టాపిక్కుల లిస్టు పక్కన పెట్టేసి కొండ మీద అమ్మవారి అలంకారాలు ఇంకుతో వేస్తాం. మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారానికి గ్రూపు నిండా వీణలే.

నాకు బాగా గుర్తుండిపోయిన టాపిక్ మాత్రం అమరావతి శిల్పం. మన అమరావతి స్తూపం రాళ్ళు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి, మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో ఇంకా చాలా ఉన్నాయి, ఎగ్మోర్‌లో ఉండే నలగిరి ఏనుగు పతకం (గుండ్రటి శిల్పం) ఫొటో చూసి అందరం వెయ్యాలని అనుకున్నాం. కథ తెలిసే ఉంటది, దేవదత్తుడు బుద్ధుడి మీదకి మదమెక్కిన ఏనుగుని తోలిస్తే అది ఆయన ముందుకొచ్చి మోకరిల్లుద్ది. శిల్పి ఆ గుండ్రటి రాయి మీద ఒకే ఏనుగుని రెండుసార్లు చెక్కాడు, ఒక పక్క వీధిలో జనం మీద పడి తొక్కేస్తూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు వంగి. మధ్యలో గీత లేదు, అడ్డు లేదు. మేడ మీంచి తొంగి చూసే జనం, భయంతో పక్కనున్న వాళ్ళని పట్టుకునే ఆడవాళ్ళు, అంత చిన్న చోటులో అంతమంది ఇరుక్కుని ఉన్నా ఎవరి చెయ్యి ఎవరిదో తెలుస్తానే ఉంటది. అందరం ఒకే ఫొటో చూసి వేశాం, వచ్చిన బొమ్మలు మాత్రం ఒక్కటి కూడా ఇంకోదాన్ని పోలి లేదు. ఒకాయన ఏనుగు కాళ్ళు మాత్రమే వేశాడు, మేడం గారు కిటికీలో మొహాలు వేశారు, తెనాలి తమ్ముడు మొత్తం నల్లటి ఆకారాలుగా వేశాడు. నేను ఆ వంగిన ఏనుగు నుదురు దగ్గరే ఉండిపోయా, ఆ బరువు మొత్తం దిగిపోతున్నట్టు ఎలా చెక్కాడో పట్టుకోవాలని పెన్సిల్ మార్చి మార్చి వేశా. ఆ వారం గ్రూపులో జరిగినన్ని మాటలు మళ్ళీ జరగలేదు, దూరాన్ని గీతతో కాకుండా ఒకరి మీద ఒకరిని నిలబెట్టి ఎలా చూపించాడనే దాని మీదే రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం.

ఇలా దూరంగా ఉన్నవాళ్ళు బొమ్మల గురించి మాట్లాడుకోవడం ఫోన్లొచ్చాక పుట్టింది కాదు. దుగ్గిరాల పక్కన తుమ్మపూడి ఉంది కదా, సంజీవదేవ్ గారిది ఆ ఊరు. 1914లో పుట్టి 1999 దాకా ఉన్నారు, హిమాలయాల్లో కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర గడిపి వచ్చిన మనిషి, పేస్టల్స్‌తో, అంటే రంగు సుద్దలతో, కొండలూ మబ్బులూ వేసేవారు, ఆ చిన్న ఊళ్ళో కూర్చుని ఎక్కడెక్కడి చిత్రకారులకీ, రచయితలకీ ఉత్తరాలు రాసేవారు. పోస్టులో పోయే ఉత్తరానికి జవాబొచ్చేదాకా ఎన్ని రోజులు పట్టేదో, ఆ రోజులన్నీ అవతలి మనిషి మాట మనసులో నానుతూ ఉండేదేమో అనిపిస్తది నాకు. మా దాంట్లో బొమ్మ పెట్టిన నిమిషంలో మాటొస్తది, అది మంచిదే, అయినా మేడం గారు మటుకు ఏ బొమ్మకీ అదే రోజు చెప్పరు, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి చూసి పొద్దున్నే రాస్తారు. ఆవిడ మాటలకి బరువు అందుకేనేమో, నేను కూడా ఆ పద్ధతికి మారాను.

గొడవలు లేవని కాదు. ఏఐతో చేసిన బొమ్మ ఒకటి తన సొంతమని ఒకరు పెట్టినప్పుడు పెద్ద చర్చే అయింది. ఇప్పుడైతే రూల్ రాసుకున్నాం, ఏఐ బొమ్మలు ఇక్కడొద్దు, ఫొటో చూసి వేస్తే ఎవరి ఫొటోనో చెప్పాలి, ట్రేస్ చేస్తే చేశామని చెప్పాలి, బాపు గారి గీత చూసి వేస్తే ఆయన పేరు రాయాలి. బాపు గీత మన చేతుల్లోకి తెలీకుండానే వచ్చేస్తది, చిన్నప్పటి నుంచీ చూసిన కళ్ళూ జడలూ అవే కాబట్టి, అందులో తప్పేం లేదు, పేరు చెప్పడమే మర్యాద. ఏఐ విషయంలో నేను గట్టిగానే ఉంటా, ఎందుకంటే అవతల గీసిన చెయ్యి లేనప్పుడు ఎడం తగ్గించమని ఎవరికి చెప్పాలి, ఎవరు రైలెక్కి వచ్చి మళ్ళీ వేస్తారు?

అప్పుడప్పుడు కలుస్తాం కూడా. 2007లో గాబ్రియేల్ కంపనారియో అనే ఆయన సియాటిల్ నుంచి మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ పద్ధతి మాకు నచ్చింది, ఫొటో చూసి కాకుండా అక్కడే కూర్చుని ఎదురుగా ఉన్నది వెయ్యాలి. పున్నమి ఘాట్‌లో కూర్చున్నాం, బందరు రోడ్డులో బాపు మ్యూజియంకి వెళ్ళాం. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా చూపించిన బిల్డింగు అదే, లోపల శిల్పాలకన్నా నేను ఆ పాత బిల్డింగు గోడలే ఎక్కువ వేశా. ఫోన్లో గలగలా రాసే మనిషి ఎదురుగా కూర్చుంటే పుస్తకంలోంచి తలెత్తడు, అయినా వెళ్ళేటప్పుడు పుస్తకాలన్నీ చేతులు మారతాయి, పేజీ పేజీ తిప్పి చూస్తారు.

వచ్చే నెల టాపిక్ కాలవలు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి కాబట్టి ఎవరికి ఏది దగ్గరైతే అది వేస్తారు. మేడం గారు గుంటూరు నుంచి వస్తానన్నారు, ఎండెక్కక ముందే రమ్మని చెప్పా, మడత కుర్చీ నేను తెస్తా.