కిటికీ వెలుగులో నల్లబడిన అన్నప్రాసన ఫోటోలు

మా తమ్ముడి కూతురి అన్నప్రాసన ఇంట్లోనే జరిగింది, ఫోటోలు తీసే పని నాకు అప్పగించారు. పీటల వెనుక కిటికీ తెరిచి ఉండడంతో కెమెరా ఆ వెలుతురుకు మోసపోయి ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి తీసుకునే వెలుతురు) తగ్గించేసింది. బయటి మామిడి చెట్టు చక్కగా పడింది గాని, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్న మా అమ్మ ముఖం నల్లబడిపోయింది. మొదటి ముద్ద మళ్లీ తినిపించలేం కనుక, ఉన్న ఫోటోలనే బాగుచేయడానికి కూర్చున్నాను.

ముందు జేపెగ్ ఫైలు తెరిచి బ్రైట్‌నెస్ పెంచాను. ముఖం తేలింది, కానీ నల్లగా ఉండవలసిన జడ, పాప కాటుక కూడా బూడిద రంగుకు తిరిగాయి, నీడల్లో చారలు కనిపించాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి. చీకటి భాగానికి దక్కిన ఆ కొద్ది స్థాయిలను సాగదీస్తే మధ్యలో ఖాళీలు బయటపడతాయి. రా ఫైళ్లను, అంటే కెమెరా సెన్సార్ నమోదు చేసిన అసలు డేటాను కూడా దాచి ఉంచడం మంచిదైంది, ఎందుకంటే నా కెమెరా 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలకు చోటుంటుంది.

వాటిని డార్క్‌టేబుల్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎక్స్‌పోజర్‌ను రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు పెంచి, జడ నల్లగా కనబడే వరకు బ్లాక్ పాయింట్ (ఏది పూర్తి నలుపో నిర్ణయించే స్థాయి) సరిచేశాను. కిటికీ తెల్లగా మిగిలిపోయినా నాకు బాధ కలగలేదు.

ఎక్కువ సమయం రంగులకే పట్టింది. ముందు వైపు పసుపు కాంతి బల్బు, వెనుక పగటి వెలుగు. నాన్నగారి తెల్ల పంచెను ఆధారంగా తీసుకుని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులను సరిచేసే అమరిక) మారిస్తే, కిటికీ వెలుగు పడిన భుజాలు నీలంగా మారాయి. ముఖచ్ఛాయను బట్టి సరిచేయబోతే అమ్మ రాసుకున్న పసుపే మాయమైంది. చివరికి కాంతి రంగును కొలిచే కెల్విన్ విలువను కొద్దికొద్దిగా జరుపుతూ 4000 దగ్గర ఆపాను. పాయసం కాస్త పసుపు పచ్చగా కనిపించినా, అమ్మ ముఖాన పసుపు నిలిచింది.

పట్టుచీర మడతల్లో తేలిన ఎర్రటి, ఆకుపచ్చని చుక్కలను తీసేయడానికి రంగుల నాయిజ్‌ను గట్టిగానే తగ్గించాను. వెలుతురు నాయిజ్‌ను, అంటే వెలుగులో హెచ్చుతగ్గులుగా కనిపించే గరుకుదనాన్ని మాత్రం చాలావరకు అలాగే వదిలాను. మొదటిసారి దాన్ని కూడా తుడిచేస్తే పాప బుగ్గలు మైనపు బొమ్మలా నున్నగా తయారయ్యాయి.

తొలి ప్రింటు మళ్లీ చీకటిగానే వచ్చింది. నా మానిటర్ వెలుగు నిండుగా ఉండడమే కారణమని గుర్తించి, దాన్ని సగానికి తగ్గించి ఎక్స్‌పోజర్ మరికొంత పెంచాను. రెండో ప్రింటులో వెండి గిన్నె అంచున చెక్కించిన నానమ్మ పేరు చదవగలిగాం.