పాడుతూ గిటార్: 82 దాకా వచ్చాను, 'స్వ' ఒక్కటే మిగిలింది

పల్లవి రెండో లైను ఎట్టకేలకు 82 బీపీఎంలో (నిమిషానికి 82 బీట్లు) చేయి తప్పకుండా వచ్చింది! పాట అసలు టెంపో 92, అంటే ఇంకో పది పెరగాలి. అయినా పట్టలేనంత సంతోషంగా ఉంది. ఇన్నాళ్లూ 76 దగ్గరికి రాగానే ఈ ఒక్క లైనులోనే కుడి చేయి చెదిరిపోయేది. ఎందుకో అంతుపట్టేది కాదు. ఇప్పుడు కారణం తెలిసింది.

మిగతా పాట సంగతి ఒక్క ముక్కలో: చరణం 92లో హాయిగా నడుస్తోంది, పాడుతున్నప్పుడు కూడా ఎఫ్ బారె (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టే కార్డ్) శుభ్రంగా మోగుతోంది.

ఇక రెండో లైను. వాయించే స్ట్రమ్మింగ్ (కుడి చేత్తో తీగలన్నీ కిందికీ పైకీ మీటడం) అందరికీ తెలిసిన డౌన్, డౌన్-అప్, అప్-డౌన్-అప్. లైను మాత్రం మొదటి బీట్ మీద కాకుండా అర బీటు తర్వాత, 'వన్-అండ్' మీద ఎత్తుకోవాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని అనాగతం అంటారు. ఈ ప్యాటర్న్‌లో సరిగ్గా అక్కడే చేయి తీగలకు తగలకుండా ఊరికే పైకి వెళ్తుంది. గిటార్ శబ్దమే లేని చోట గొంతు విప్పాలన్నమాట. 60లో ఏ ఇబ్బందీ లేదు. 76లో రెండో బీట్ డౌన్‌స్ట్రోక్ ఆలస్యమయ్యేది. 84లో చేయి పూర్తిగా తిరగబడి, అప్ రావాల్సిన ప్రతి చోటా డౌన్ పడేది.

మొదటి అనుమానం కార్డ్ మార్పు మీదకు పోయింది, ఎందుకంటే అక్కడే సీ నుంచి ఏ మైనర్‌కు వెళ్లాలి. ఎడమ చేత్తో తీగలన్నీ మ్యూట్ చేసి స్ట్రమ్మింగ్ మాత్రమే చేస్తూ పాడాను. అదే చోట, అదే తడబాటు. కార్డ్ కాదని తేలింది. స్ట్రమ్మింగ్ ఇంకా చేతికి అలవాటు కాలేదేమో అనుకుని, వాయిస్తూ పేపర్ గట్టిగా చదివాను. 100లో కూడా చేయి చెదరలేదు. "చేతికి అలవాటైతే పాట దానంతట అదే వస్తుంది" అని చాలామంది చెబుతారు. అది సగమే నిజమని నా అభిప్రాయం. పేపర్ చదివేటప్పుడు మాట ఎక్కడ పడినా ఫర్వాలేదు. పాటలో అలా కుదరదు కదా.

ఆ తర్వాత కొలవడం మొదలుపెట్టాను. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్‌లో మెట్రోనోమ్ (బీటుకోసారి టిక్కుమనే పరికరం) క్లిక్ పెట్టి, దాన్ని ఇయర్‌ఫోన్‌లో వింటూ రెండో ట్రాక్‌లో రికార్డ్ చేశాను. ముందుగా ల్యాటెన్సీ (రికార్డింగ్‌లో వచ్చే ఆలస్యం) సరిచేసుకోవాలి, లేకపోతే ఈ అంకెలేవీ నమ్మడానికి లేదు. 76లో బీటు 789 మిల్లీసెకన్లు, అర బీటు 395. రెండో బీట్ డౌన్‌స్ట్రోక్ క్లిక్ కన్నా 150 దాకా వెనక పడుతోంది. మాటలు తీసేసి అదే ట్యూన్‌ను 'ఆ' అని పాడితే ఆలస్యం 20 కూడా లేదు!

అంటే చిక్కు ట్యూన్‌లో లేదు, అక్షరంలో ఉంది. లైను మొదటి అక్షరం 'స్వ'. దాని బదులు వేరే అక్షరాలు పెట్టి చూశాను. 'ఆ' 92లో కూడా నిలబడింది. 'న', 'ల' 88 దాకా, 'ప' 86 దాకా వచ్చాయి. 'స' 78లో తడబడింది, 'స్వ' 76లోనే. వేవ్‌ఫామ్ (శబ్దం గీతల బొమ్మ) పెద్దది చేసి చూస్తే సకారం బుస, ఆ తర్వాత వకారం కలిపి అచ్చు మొదలయ్యేలోపు దాదాపు 160 మిల్లీసెకన్లు తినేస్తున్నాయి. డౌన్‌స్ట్రోక్ ఆలస్యం కూడా ఇంచుమించు అంతే. నేను 'వన్-అండ్' మీద నోరు తెరుస్తున్నాను, చేయి మాత్రం అచ్చు వినిపించాకే అర బీటు లెక్కపెట్టుకుంటోంది.

మాట ఎక్కడ 'పడినట్టు' వినిపిస్తుందనే దాని మీద 1976లో మోర్టన్, మార్కస్, ఫ్రాంకిష్ రాసిన పరిశోధన ఉంది. మాటల ఆరంభాలను సమాన దూరాల్లో పేర్చినా అవి చెవికి సమంగా వినిపించవని వాళ్లు చూపించారు. మనం విన్న లయ అచ్చు మొదలయ్యే చోటుకు దగ్గరగా ఉంటుంది. నా చేయి చేస్తున్నది కూడా అదేనని నా ఊహ.

కాబట్టి ఇప్పుడు మొదటి డౌన్‌స్ట్రోక్ పడి కాస్త గడవగానే 'స్' మొదలుపెట్టి, అచ్చును 'అండ్' మీద దించుతున్నాను. ఇది పని చేసింది, కానీ ఊపిరికి చోటు పోయింది. అందుకే ముందు లైను చివరి దీర్ఘాన్ని ఒక బీటు ముందే ఆపేసి, అక్కడ గాలి పీల్చుకుంటున్నాను. వినడానికి కూడా అదే బాగుంది. దీనితోపాటు 'వన్-అండ్' మీద అప్‌స్ట్రోక్‌ను తీగలకు కొద్దిగా తగిలిస్తే గొంతుకు ఆసరా దొరికింది. ఈ రెండూ కలిస్తేనే 82 వచ్చింది. 86లో మొదటిసారి బాగానే వస్తుంది, పల్లవి రెండోసారి ఎత్తుకున్నప్పుడు మళ్లీ జారుతోంది. ఊపిరి చాలకే అనుకుంటున్నాను, ఇంకా కొలవలేదు.

పిక్ (తీగలు మీటే చిన్న పలక) విషయం. డన్‌లప్ టోర్టెక్స్ పచ్చది, 0.88 మి.మీ., పక్కన పెట్టి నారింజ రంగు 0.60 వాడుతున్నాను. పాడుతూ స్ట్రమ్ చేయడానికి పల్చని పిక్కే మేలు, తీగల దగ్గర చేయి ఆగదు, గిటార్ గొంతును మింగేయదు. కాపోల్లో (తీగలన్నిటినీ ఒక చోట నొక్కి పట్టే క్లిప్) నా ఓటు షబ్‌కే, స్క్రూతో ఒత్తిడి సరిచేసుకోవచ్చు కాబట్టి. లూపర్‌లో (రికార్డ్ చేసింది మళ్లీ మళ్లీ వాయించే పరికరం) గిటార్ రికార్డ్ చేసి దాని మీద పాడటం సరదాగా ఉంటుంది కానీ ఈ సమస్యకు పనికిరాదు, చేయి ఖాళీగా ఉంటే నేర్చుకునేదేముంది?

తర్వాత 84 నుంచి రెండేసి పెంచుతూ, మెట్రోనోమ్‌ను రెండు, నాలుగు బీట్ల మీదే మోగేలా పెట్టి చేస్తాను. రెండో బీటే జారేది కాబట్టి క్లిక్ అక్కడ ఉంటే వెంటనే తెలుస్తుంది. పల్లవి రెండుసార్లు వరసగా పాడినప్పుడు ఊపిరి ఎక్కడ తీస్తున్నానో వేవ్‌ఫామ్‌లో గుర్తు పెట్టాలి. 92 కుదిరాక ఇదే పాటను ఫింగర్‌స్టైల్‌లో, అంటే పిక్ లేకుండా వేళ్లతో మీటుతూ, బొటనవేలు ప్రతి బీటు మీదా మోగేలా వాయించి చూడాలని ఉంది. అప్పుడు ఖాళీ అప్‌స్ట్రోక్ గొడవే ఉండదు, 'స్వ' ఏం చేస్తుందో మాత్రం చూడాలి. ఆరు-ఎనిమిది (6/8) నడకలో ఇంకో పాట కూడా ఎంచి పెట్టుకున్నాను. దాని పల్లవి 'శ్ర'తో మొదలవుతుంది!