వారానికి ఎన్నిసార్లు పోతరని అడిగితే

పాలమూరు, నల్గొండ పల్లెల్లో ప్రయాణాల సర్వేకు పోయినవాళ్లు ఇదే అడుగుతారు: "వారానికి ఎన్నిసార్లు బయటికి పోతరు?" జవాబూ టక్కున వస్తుంది: "రెండు మూడుసార్లు పోతం." అది లెక్కపెట్టి చెప్పింది కాదు. పోయిన వారమంతా జ్వరంతో గడప దాటకపోయినా అదే మాట.

అడగాల్సింది నిన్నటి సంగతి. "అమ్మా, నిన్న పొద్దున లేచినకాడి నుంచి ఎక్కడెక్కడికి పోయొచ్చిండ్రు?" అని మొదలుపెట్టాలి. చెప్పిన ప్రతి చోటు దగ్గరా "ఆడికెళ్లి ఎటు పోయిండ్రు?" అంటూ తిరిగి ఇల్లు చేరేదాకా రావాలి. జడ్చర్ల పక్క పల్లె నుంచి మహబూబ్‌నగర్ దవాఖానకు పోయినామె "బస్సుల పోయిన" అంటుంది. విప్పి చూస్తే ఇంటి నుంచి రోడ్డుదాకా నడక, జడ్చర్లదాకా షేర్ ఆటో, అక్కడ బస్సు, దిగినంక మళ్లీ ఆటో. ఫారంలో ఒక్క బస్సే పడితే మూడు ముక్కలు, ఆటో ఖర్చు గల్లంతు. అన్నిటికంటే ఎక్కువ రాలిపోయేవి నడకలే. పొలం, రేషన్ దుకాణం, నీళ్ల ప్లాంటు... వీటిని ఎవరూ ప్రయాణం అనుకోరు, పేరు పెట్టి అడిగితేనే బయటికొస్తాయి.

ఎంతసేపు పట్టిందంటే పావుగంట, అరగంట, గంట అంటారు. బయల్దేరిన టైము, చేరిన టైము విడిగా అడగండి. గడియారం చూడనివాళ్లకు బడి గంటో, మొదటి బస్సో గుర్తు. డేటాలో 15, 30, 60 దగ్గర కుప్పలు పడితే ఐదు నిమిషాల తేడాలను నమ్మొద్దు.

తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబర్ 9న మొదలైంది. అంతకుముందు నెలకెన్నిసార్లు పోయేవాళ్లని ఇప్పుడడిగితే, ఇప్పుడు బాగా తిరుగుతున్నామన్న భావనే పాత సంఖ్యను తగ్గించేస్తుంది. పోలికకు అప్పటి సర్వేనే కావాలి. నిన్నటి బస్సుకైతే పర్సులో మిగిలిన జీరో టికెట్ (ఉచిత ప్రయాణానికి కండక్టర్ ఇచ్చే టికెట్) చూపించమనండి. అయితే షేర్ ఆటోకు టికెట్టే లేదు. అందుకే సరిచూశాక కూడా బస్సు లెక్క గట్టిపడుతుంది, ఆటో లెక్క తక్కువగానే ఉంటుంది.

రోజులు కూడా చూసుకోవాలి. వారపు అంగడి మర్నాడే ఊరంతా చుట్టేస్తే తిరుగుళ్లు పెరిగి కనిపిస్తాయి. ఇళ్లను ఏడు రోజులకూ పంచాలి.

"నిన్న ఎటూ పోలే" అన్న జవాబుతో ఫారం రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ సంగతి చెప్పేవాళ్లకూ, రాసేవాళ్లకూ తొందరగానే అర్థమవుతుంది. అట్లాంటి ఫారాలు ఒక్క సర్వేయర్ కట్టలోనే ఎక్కువుంటే, ఆ ఇళ్లకు ఇంకొకరిని పంపి మళ్లీ అడిగించండి.